మంచం కింద బ్యాటరీ

ట్రాక్టరున్న ప్రతి ఇంట్లోనూ బ్యాటరీ మంచం కింద పడుకునే రోజులవి. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లలో అప్పటి దొంగలు బీరువాల జోలికి పోయేవారు కాదు, చావిట్లో నిలబెట్టిన ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసుకుని పోయేవారు. అందుకని పొద్దు గుంకగానే రైతు స్పానరు పట్టుకుని వెళ్లి, బ్యాటరీ విప్పి, చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చి మంచం కింద పెట్టుకునేవాడు. మా మావయ్య ఈ విషయంలో మహా నిష్ఠాపరుడు. అత్తయ్య గొలుసు ఎక్కడుందో తెలియకపోయినా బ్యాటరీ ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అలాంటి మనిషి తొంభైల చివర్లో కారు కొన్నాడు. నా జన్మలో నేను పాల్గొన్న ఒకే ఒక్క స్వయంవరానికి ఆ కారే మూలం.

కారు కొత్తదేం కాదు. విజయవాడలో ఒక డాక్టరుగారు వాడి వదిలేసిన విదేశీ రకం. అందులో రేడియో ఉంది. తాళాలు ఇస్తూ డాక్టరుగారు, "రేడియో గురించి ఒక్క మాట చెప్పాలండీ, బ్యాటరీ గనక..." అని మొదలుపెడితే మావయ్య చెయ్యి అడ్డం పెట్టి, "బ్యాటరీల సంగతి మాకొకరు చెప్పాలా డాక్టరుగారూ, మీరు మందుల సంగతి చెప్పండి, వింటాం" అన్నాట్ట. దారి పొడుగునా అద్దాలు దించి, పాటలు పెట్టుకుని, ఊళ్లోకి పెళ్లికొడుకులా దిగాడు. ఆ సాయంత్రం అలవాటు ప్రకారం కారు బ్యాటరీ కూడా విప్పి ట్రాక్టరు బ్యాటరీ పక్కనే పడుకోబెట్టాడు. తెల్లారి బిగించి రేడియో నొక్కితే పాటకు బదులు ఇంగ్లీషులో 'కోడ్' అని అక్షరాలు వచ్చాయి. (కరెంటు తెగిందంటే దొంగ ఎత్తుకుపోయాడనుకుని, నాలుగు రహస్య అంకెలు నొక్కేదాకా నోరు విప్పని రేడియో అది. దొంగలకు జడిసి తయారుచేసిన రేడియో, దొంగలకు జడిసి బతికే మావయ్య చేతిలో పడింది. ఈ జ్ఞానం అప్పుడు మాలో ఎవరికీ లేదు.) అంత మాట అనేసి వచ్చాక మళ్లీ డాక్టరుగారిని అడగడానికి మావయ్యకు మొహం చెల్లలేదు.

అప్పటికి నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, విజయవాడలో టీవీలు బాగుచేసే షాపులో కొత్తగా చేరాను. మావయ్య నన్ను పేరుతో కాక 'డిప్లొమా' అని పిలిచేవాడు. అత్తయ్య మేనల్లుడికి మంగళగిరిలో చీరల కొట్టు ఉండేది కాబట్టి అతని పేరు 'మంగళగిరి'. మావయ్య కూతురికి మేమిద్దరం వరసకు బావలం. ఆ పిల్లకు డిగ్రీ అయింది, గుంటూరులో ఎంసీఏ సీటు కూడా వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకుంటానని రోజూ అడిగేది. "చదివింది చాల్లేమ్మా" అని రోజూ మావయ్య అనేవాడు. పెళ్లి చెయ్యడం ఖాయం, ఏ మేనల్లుడికన్నదే తేలక ఆయనకూ అత్తయ్యకూ మాటల్లేవు. చివరికి ఒకనాడు అరుగు మీద, నలుగురి ముందూ విసిగిపోయి, "ఆ రేడియోని ఎవరు పలికిస్తే పిల్ల వాళ్లకే" అనేశాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, మా వైపు అరుగు మీద అన్న మాటంటే రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. మరదలు అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోందట. తలెత్తి తండ్రిని ఒక్కసారి చూసి మళ్లీ చిక్కుళ్లలో పడిందట. సిగ్గుపడి ఉంటుందని, కబురు తెలిసిన నేను విజయవాడలో కూర్చుని మురిసిపోయాను.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, షాపు ఓనరుగారి మల్టీమీటరు అడిగి తీసుకుని బస్సెక్కాను. నాకంటే ముందే మంగళగిరి వచ్చి కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. నేను బానెట్ ఎత్తి వైర్లు తగిలించాను. "ఏంటి డిప్లొమా అది?" అన్నాడు మావయ్య. "వోల్టేజి చూడాలి మావయ్యా" అన్నాను గంభీరంగా. ముల్లు కదిలింది. అరుగంతా ఆహా అంది. (పేరు మర్చిపోయినవాడికి జ్వరం చూసినట్టుంది ఆ పని. కానీ డిప్లొమాకు ఏదో ఒకటి చెయ్యక తప్పదు కదా.)

మంగళగిరిది వేరే శాస్త్రం. "డాక్టరుగారి కారు నంబరు కూడండి, తొమ్మిది. ఆయన ఫోన్ నంబరు కూడండి, తొమ్మిదే. ఆయన అంకెల బలం చూసుకునే మనిషండీ, కోడ్ కూడా తొమ్మిదే అయితీరాలి" అన్నాడు. అరుగు ఒప్పుకుంది. రాహుకాలం వెళ్లేదాకా ఆగి, అగరొత్తి వెలిగించి, కూడితే తొమ్మిదొచ్చే అంకెలు నొక్కాడు. రేడియో ఒప్పుకోలేదు. నేను శాస్త్రీయ పద్ధతిలో నాలుగు సున్నాల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. కాసేపటికి రేడియోకు విసుగొచ్చి 'వెయిట్' అంది. గంటసేపు అలా వెలుగుతూ ఉంచితేనే మళ్లీ అంకెలు తీసుకుంటుందని నాకు అర్థమైంది గానీ, "గంటా? చార్జింగ్ దిగిపోదూ? కాసేపు రెస్టిద్దాం" అని మావయ్య బ్యాటరీ విప్పేసేవాడు. బిగించగానే గంట మళ్లీ మొదలు. అత్తయ్య ఎర్రనీళ్లు తెచ్చి రేడియోకు దిష్టి తీసింది.

భోజనాలయ్యాక అరుగు మీద పెద్దాయన ఒకరు అసలు కారణం కనిపెట్టారు. "చెయ్యి మారింది కదయ్యా, బెంగ పెట్టుకుంది. కొత్తగా కొన్న గేదె పాలు చేపకపోతే ఏం చేస్తాం? పాత ఇంటావిడ చీర కట్టుకుని పితకమూ?" అన్నారు. ఒక్కరూ నవ్వలేదు. డాక్టరుగారి చీర ఏమిటన్న చర్చ కాసేపు జరిగి, తెల్లకోటు అని తేలింది. ఊళ్లో సూదిమందు వేసే ఆయన దగ్గర ఒకటుంటే తెప్పించారు. అది ఎవరు తొడుక్కోవాలని నాకూ మంగళగిరికీ పెనుగులాట. సైన్సు చదివినవాణ్ని, నేనే గెలిచాను. వేసవి ఎండలో, మోచేతుల దాకా వచ్చే తెల్లకోటు తొడుక్కుని, స్టీరింగు ముందు కూర్చుని, "ఏమ్మా, ఎలా ఉంది?" అని రేడియోని పలకరించాను. అలా పలకరించమన్నది పెద్దాయనే. దానికి 'వెయిట్' అన్న జవాబే వచ్చింది.

కొంతలో కొంత మేలు, ఆ కోటు సంబరంలో మావయ్య బ్యాటరీ విప్పడం మరిచిపోయాడు. పొద్దు వాలుతుండగా తెర మీద మళ్లీ 'కోడ్' అని వచ్చింది. అప్పుడు మరదలు వచ్చి, "కొంచెం జరుగు బావా" అంది. జరిగాను. మాకు వీపు పెట్టి కూర్చుని ఏవో నొక్కింది. "వరిలో దోమపోటు నివారణకు రైతు సోదరులు..." అని కారు గంభీరంగా పలికింది. మావయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. దోమపోటు గురించి ఊరంతా అంత భక్తిగా వినడం నేను మళ్లీ చూడలేదు. కార్యక్రమం అయ్యాక పెద్దాయన గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. "ఎవరు పలికిస్తే పిల్ల వాళ్లకే అన్నావు. పలికించింది పిల్ల. కాబట్టి పిల్ల పిల్లకే." మావయ్య, "సరదాకన్న మాట లెండి అది" అని నసుగుతూ స్పానరు పట్టుకుని బ్యాటరీ విప్పడానికి లేచాడు.

నాకు విషయం తట్టింది తిరుగు బస్సులో. బ్యాటరీ విప్పితే కోడ్ అడుగుతుంది. అంటే రేపు పొద్దున్న మళ్లీ అడుగుతుంది, ఆయన మంచం కింద పెట్టుకున్నన్నాళ్లూ అడుగుతూనే ఉంటుంది. దిగి వెనక్కి వెళ్లి, బ్యాటరీ విప్పొద్దని చెబుదామా అనుకున్నాను. చెబితే డిప్లొమా పరువు నిలిచేది. కానీ కారు దిగుతున్నప్పటి ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. అంత సంతోషం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆ మొహం చాలా నచ్చింది. సీట్లో మళ్లీ సర్దుకుని కూర్చున్నాను.

మర్నాడు అనుకున్నట్టే రేడియో మూగబోయిందట. మరదలు వచ్చి పలికించి వెళ్లిందట. ఆ మర్నాడూ అంతే. అంకెలు చెప్పవే అని మావయ్య బతిమాలితే, "హాస్టల్లో దింపు నాన్నా, అక్కడ చెప్తా" అందట. మావయ్య ఒక వారం ఓర్చుకున్నాడు. ఆ తర్వాత అదే కారులో, అదే రేడియో వింటూ గుంటూరు తీసుకెళ్లాడు. గేటు దగ్గర దిగాకే చెప్పిందట. కారు అమ్మేదాకా ఆయన రోజూ సాయంత్రం బ్యాటరీ విప్పుతూనే ఉన్నాడు, పొద్దున్నే స్నానం చేసి అంకెలు నొక్కుతూనే ఉన్నాడు.

ఈమధ్య ఒక గృహప్రవేశంలో మరదలు కలిసింది. కాలేజీలో పాఠాలు చెబుతోంది, భర్త కూడా అక్కడే మేష్టారు. భోజనాల దగ్గర అడిగాను, ఇంతకీ ఆ కోడ్ ఎలా కనుక్కున్నావని.

"ఎస్టీడీ బూత్‌కి వెళ్లి డాక్టరుగారింటికి ఫోన్ చేశాను బావా. అడిగాను, చెప్పారు."

"అంతేనా?"

"అంతే. మీరెవరూ అడగలేదుగా." నా విస్తట్లో ఇంకో బొబ్బట్టు వేసి, "ఆ మాటకొస్తే నన్ను మాత్రం అడిగారా?" అని నవ్వుతూ పక్క పంక్తికి వెళ్లిపోయింది.

ఆ ఫోన్ నంబరును మంగళగిరి కూడాడు, అరుగంతా కూడింది, దానికి ఫోన్ చేసింది ఆమె ఒక్కతే. బొబ్బట్టు తింటూ ఉంటే, పొట్టి తెల్లకోటులో చెమటలు కక్కుతున్న ఆ కుర్రవాడు కళ్లముందు కనబడ్డాడు. పాపం, మంచివాడే. రేడియోని ఎలా ఉన్నావమ్మా అని అంత ప్రేమగా అడిగాడు గానీ, పక్కనే ఉన్న మనిషిని ఒక్క మాట అడగాలని వాడికి తోచలేదు.