కారం మరకు కొలిచి తెచ్చిన స్క్రూడ్రైవర్

మా ఇంట్లో స్క్రూడ్రైవర్ అంటే టెస్టరే. కరెంటు ఉందో లేదో చూడ్డానికి చేసిన ఆ పుల్లతోనే మా ఆయన ఫ్యాను బిగించేవాడు, రంగు డబ్బా మూత లేపేవాడు, చిప్పలోంచి కొబ్బరి కూడా ఊడదీసేవాడు. మా మరిది దాంతో చెవి గోక్కోవడం నేను కళ్లారా చూశాను. ఇదేం పనిరా అంటే, "ఏదైతే ఏంటి వదినా, తిరిగితే చాలు" అనేవాడు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

మాది పర్చూరు. ఇంటి ముందుగదిలో కారం మర ఉంది. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి మా దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్లు కాయలు మరలో పోసినప్పటి నుంచి కారం డబ్బాలో పడేదాకా కళ్లు మండినా సరే అక్కణ్ణుంచి కదలరు. తమ కాయలో ఇంకొకరి కాయ కలుస్తుందేమోనని అందరికీ అనుమానమే.

అందరికంటే జాగ్రత్త పంతులుగారింటిది. వాళ్లు వెల్లుల్లి ముట్టరు. వెల్లుల్లి కారం ఆడిన మరలో వాళ్ల కాయ పోయకూడదు. అందుకని వాళ్లది ఎప్పుడూ పొద్దున్నే మొదటి వాయి. ముందురోజు సాయంత్రమే మర విప్పి, లోపలి జల్లెడ తీసి, దాని వెనక పేరుకున్న పాత కారమంతా దులిపి, గుడ్డతో తుడిచిపెట్టాలి. మా అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి. మేం చర్చికి పోతాం, వాళ్లకు గుడి. అయినా ఏడాది కారం దగ్గర ఆ ఇల్లు మమ్మల్ని తప్ప ఎవరినీ నమ్మలేదు.

ఇబ్బందల్లా జల్లెడను పట్టుకుని ఉండే నాలుగు స్క్రూలతోనే. ఉప్పూ కారం తగిలి అవి తుప్పు పడతాయి. పైగా ఏళ్ల తరబడి టెస్టరుతో తిప్పీ తిప్పీ గాడులన్నీ అరగదీశారు. సన్నటి మొన వెడల్పాటి గాడిలో నిలవదు. జారుతుంది, జారినప్పుడల్లా అంచును కాస్త కొరుక్కుపోతుంది. ఇది నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా విన్న నాథుడు లేడు.

నిరుడు మిరపకాయల టిక్కీ బస్తా ఎత్తబోయి మా ఆయన నడుం పట్టేసింది. బరువు ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. ఇక చూడండి, మరిదికి రెక్కలొచ్చాయి. మర అమ్మేసి ఆ గదిలో సెల్ ఫోన్ల కొట్టు పెడతానన్నాడు. "ఆడమనిషి మర నడుపుతుందా అన్నా? ఆగిపోతే విప్పేదెవరు, బిగించేదెవరు?" అని మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. మా ఆయన ఎటూ తేల్చలేక, "ఈ సీజన్ చూద్దాం. నీ చేత్తో విప్పి బిగించుకోగలిగితే మర నీది. లేదంటే తమ్ముడి ఇష్టం" అన్నాడు నాతో. మర గది తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకే ఉంది. ఆ మర చప్పుడు లేని ఇంట్లో నేను ఉండలేను. మా అత్తగారు నాకు చేతి పని నేర్పింది ఆ మర దగ్గరే. పోనిస్తానా!

మర్నాడే ఒక స్క్రూ ఊడదీసి, చెంగున ముడేసుకుని పేట బస్సెక్కాను. చిలకలూరిపేటను మేం పేట అనే అంటాం. ఇనప సామాన్ల కొట్టాయన నన్ను చూసి, "ఎవరికమ్మా? మీ వారిని పంపకపోయారా, ఆయనైతే చూసుకుంటారు" అన్నాడు.

"మా వారి నడుం బాగుంటే మీ కొట్టు మెట్లు నేనెందుకు ఎక్కుతానండీ? మీరు తీసి చూపించండి" అన్నాను.

ముందు తళతళలాడే పెట్టె ఒకటి తెరిచాడు. అందులో లేని సైజు లేదు. అలాంటిది బస్టాండులో నేనొకసారి కొని ఉన్నాను. గట్టిగా ఒక్క తిప్పు తిప్పేసరికి మొన కాస్తా మెలి తిరిగింది. అది పక్కన పెట్టించి, నా స్క్రూ తీసి గల్లాబల్ల మీద పెట్టాను. ఒక్కో స్క్రూడ్రైవర్ మొన గాడిలో దించి చూడటం మొదలుపెట్టాను. ఒకటి వదులు. ఒకటి దిగనే దిగదు. ఒకటి దిగింది గానీ అటూ ఇటూ ఊగింది. కొట్టాయన ముక్కున వేలేసుకుని, "ఏంటమ్మా, గాజులు బేరం చేస్తున్నారా?" అన్నాడు. అక్కడున్న ఇద్దరు రైతులు ఫక్కున నవ్వారు.

"గాజైనా ఇదైనా కొలత సరిపోవాలిగా! గాజు బిగువైతే నా చెయ్యి గీరుకుంటుంది. ఇది వదులైతే నా మర ఆగిపోతుంది" అన్నాను. ఆయన వేళాకోళం మానేసి లోపలికెళ్లి ఇంకో డబ్బా తెచ్చాడు.

అందులో దొరికింది నాది. మొన గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోయి అడుగుదాకా దిగింది, వేలితో కదిపినా కదల్లేదు. మెరుపేం లేదు, మొన నల్లగా ఉంది. గట్టిపడేలా కాల్చిన ఉక్కు అలాగే ఉంటుందట. కడ్డీ పిడిలోంచి వెనకదాకా వచ్చింది కాబట్టి సుత్తితో కొట్టినా పిడి పగలదు. పిడి కిందే ఆరు పలకల దిమ్మె, అక్కడ పానా పట్టించి తిప్పొచ్చు. అన్నీ చూసి చివరికి చేతికి నూనె అడిగి పూసుకుని మరీ పిడి పట్టుకున్నాను. జారలేదు. స్టార్టర్ పెట్టెకు ప్లస్ గుర్తుది ఒకటి కూడా అలాగే చూసి తీసుకున్నాను. ఇంటికొచ్చాక మరిది వాటిని చూసి, "రెండు స్క్రూడ్రైవర్ల కోసం పేట దాకానా!" అని పగలబడి నవ్వాడు. నవ్వరా, నవ్వు, అనుకున్నాను.

పంతులుగారి కారానికి ముందురోజు మా చర్చిలో స్త్రీల కూటం. "ఇవాళ ఇక వెల్లుల్లి కారం ఎవరు తెచ్చినా రేపు రమ్మను" అని మరిదికి పదిసార్లు చెప్పి వెళ్లాను. వచ్చేసరికి మర కట్టేసి ఉంది. జల్లెడ కూడా విప్పి తుడిచేశానన్నాడు. నమ్మాను.

పొద్దున్నే పంతులుగారి భార్య కాయల సంచితో వచ్చి కూర్చుంది. నేను మర మూత తీశాను. గుప్పుమని వెల్లుల్లి వాసన! వంగి లోపలికి చూశాను. జల్లెడ నిండా ఎర్రటి కారం. నాలుగో స్క్రూ అయితే మరీ ఘోరం, టెస్టరుతో గెలికి గెలికి గాడి మొత్తం నున్నగా చేసి వదిలేశాడు మరిది. స్నేహితుడెవడిదో వెల్లుల్లి కారం ఆడించి, విప్పబోయి చేతకాక మూత బిగించేశాడన్నమాట.

మరిది నా పక్కకొచ్చి గొణిగాడు. "గుప్పెడు ఉప్పు పోసి తిప్పేయి వదినా, వాసన పోతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిరా!" అని అరిచాను. వీధి వీధంతా విని ఉంటుంది. మా ఆయన నడుం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నేను దాపరికం లేకుండా, "అమ్మగారూ, మర మైలపడింది. జల్లెడ తీస్తేనే మీ కాయ పోస్తాను. తియ్యలేకపోతే మీ సంచి మీకు ఇచ్చేస్తాను" అన్నాను.

ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుంది. "కూర్చుంటాలే అమ్మాయ్" అంది.

మూడు స్క్రూలు కొత్త మొనకు లొంగి చకచకా వచ్చేశాయి. నాలుగోది మొండికేసింది. రంపం బ్లేడు తెచ్చి దాని తల మీద గాడిని కొత్తగా కోశాను. కిరసనాయిలు చుక్క వేసి కాసేపు ఆగాను. మొన దించి, పిడి వెనక సుత్తితో రెండు దెబ్బలు వేశాను. ఇంకా రాలేదు. "విరుగుద్ది వదినా" అన్నాడు మరిది. "నోర్ముయ్" అన్నాను. దిమ్మెకు పానా పట్టించి, స్క్రూడ్రైవర్ మీద నా ఒంటి బరువంతా మోపి, ప్రభువా అనుకుని తిప్పాను.

కిర్రుమంది.

ఆ చప్పుడు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను! స్క్రూ బయటికి రాగానే దాన్ని పైకెత్తి అందరికీ చూపించాను. సిగ్గేమీ పడలేదు. జల్లెడ తీసి, కడిగి, ఎండలో ఆరబెట్టి, లోపలంతా తుడిచి, పేటలో కొని ఉంచిన నాలుగు కొత్త స్క్రూలు వేసి బిగించాను. మర తిరిగింది. పంతులుగారి భార్య గోరువెచ్చటి కారాన్ని చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. తర్వాత గట్టిగా తుమ్మి, "మా కారమే! ఒట్టి మా కారమే!" అని నా బుగ్గలు పుణికింది. ఆ కారం చేతుల వల్ల నా బుగ్గలు సాయంత్రం దాకా మండాయి. మండితే మండాయి, ఆ రోజంతా నేల మీద నడిచానా అసలు!

మూడోనాడు మరిది తల గోక్కుంటూ వచ్చాడు. "వదినా, ఆ మైనస్ ది ఒకసారి ఇస్తావా? రంగు డబ్బా మూత రావట్లేదు."

"గరిటె ఉంది, తీసుకుపో!"

అంతలో కొత్త బేరం వచ్చింది. సంచి మోసుకొచ్చినాయన అలవాటుగా మా ఆయన వైపు తిరిగి, "మర తియ్యండి" అన్నాడు. మా ఆయన మంచం మీద నుంచే మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

"నన్నడుగుతావేంటయ్యా? మర ఆవిడది" అన్నాడు.