ఏడో గడిలో లకుముకి పిట్ట

తపాలా ఆఫీసులో ఆయన్ని సుత్తి మాస్టారు అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉత్తరాల మీద తేదీ ముద్ర కొట్టే సుత్తి ఆయన చేతిలోనే ఉంది కనుక ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. స్టాంపుల గురించి మొదలుపెడితే ఎదుటివాడి టీ చల్లారి, మీగడ కట్టి, అందులో ఈగ పడినా ఆయన ఆపరు కనుక వచ్చిందని తక్కినవాళ్ళ నమ్మకం. రెండు వాదాలూ ఒకే పేరు కింద సుఖంగా కాపురం చేస్తున్నాయి.

ఇంట్లో ఇది నాది అని ఆయన ధైర్యంగా చెప్పుకోగల వస్తువు ఒక్క స్టాంపుల ఆల్బమ్. అది బట్టల బీరువా పై అరలో, భార్య శాలువాల కింద ఉంటుంది. దాన్ని కిందికి దించాలంటే చేతులు కడుక్కోవాలి, పొడిగుడ్డతో తుడుచుకోవాలి, ఫ్యాను ఆపాలి. ఆ ఇంట్లో ఫ్యాను ఆగిందంటే కరెంటు అయినా పోయి ఉండాలి, కొలువైనా తీరి ఉండాలి.

ఆల్బమ్ నలభయ్యో పేజీలో నదీ పక్షుల వరస ఉంది. గడులు పన్నెండు, పక్షులు పదకొండు. ఏడో గడి ఖాళీ.

ఆ గడిలో ఉండాల్సింది లకుముకి పిట్ట. అచ్చువేసిన మహానుభావులు బొమ్మ లకుముకి పిట్టది వేసి, కింద పేరు మాత్రం 'కొంగ' అని వేశారు. ఏ అర్హతా చూడకుండా ఒక పిట్టకు ఇంత హఠాత్తుగా పదోన్నతి ఇవ్వడం పై అధికారులకు నచ్చలేదు. ఉదయం పదింటికి కౌంటరులో అమ్మకం మొదలైతే, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా టెలిగ్రాం వచ్చింది: తప్పుగా ముద్రించబడినందున తక్షణం ఉపసంహరించుకోవడమైనది. సరిచేసి మళ్ళీ వేస్తామన్నారు గాని వెయ్యలేదు. అలా ఆ పిట్ట లోకంలో మూడు గంటలే తిరిగింది.

మిగిలిన షీట్లన్నిటినీ పురికొసతో కట్టి, లక్కముద్ర వేసి వెనక్కి పంపింది ఎవరో కాదు, మన మాస్టారే. అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరి పదకొండు రోజులు. స్టాంపులంటే నాలుకతో తడిపి అంటించే కాగితం ముక్కలనే జ్ఞానం తప్ప మరేమీ లేదు. పిచ్చి పట్టింది రెండేళ్ళ తరవాత. అప్పట్నుంచీ ఆ పురికొస ముడి ఆయనకు కళ్ళముందు కనబడుతూనే ఉంది. ఎంత బిగించి కట్టారో!

ఆ పిట్ట కోసం ఆయన రాయని వ్యాపారి లేడు. వాళ్ళలో ఒకాయన జవాబిస్తూ, దొరికినా నీళ్ళలో మాత్రం నానబెట్టకండి, ఆ నీలం తడి తగిలితే కరిగిపోతుంది, అంటించిన కాగితంతో సహా కత్తిరించి పెట్టుకోండి అని సలహా ఇచ్చాడు. పిట్టను మాత్రం పంపలేదు.

ఆయన భార్య ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నవ్వు గురించి చెప్పాలి. అది మూడు మెట్లు ఎక్కి, అక్కడ కాస్త ఊపిరి తీసుకుని, గబగబా కిందికి దొర్లుతుంది. వీధి చివర సైకిళ్ళు బాగుచేసే అతను చేతిలో పంపు ఆపి, "మాస్టారి ఇంట్లో రేడియో పెట్టారు" అంటాడు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఈ మాస్టారిలో ఏం చూసి చేసుకున్నావమ్మా అని.

"నేను చూసిందేముంది! ఆయనే నన్ను చూసి వెళ్ళి వాళ్ళక్కకి ఉత్తరం రాశారట. అందులో అంతా నా నవ్వు గురించేనట. మా వదిన చెప్పింది."

సరిగ్గా ఆ సమయానికి మాస్టారికి భూతద్దం తుడవాల్సిన అవసరం వస్తుంది.

మొన్నొక ఆదివారం ఆ అక్క ఫోను చేసింది. "ఒరేయ్, ఇల్లు మారుతున్నాం. నీ ఉత్తరాలు అట్టపెట్టెడు ఉన్నాయి. తీసుకుపోతావా, తూకానికి వేసెయ్యనా?"

ఆయన వెళ్ళారు. పెట్టె మూత తీసి పైనున్న నాలుగు ఉత్తరాలు పక్కన పెట్టారు. అయిదోది చూడగానే దాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు ఎత్తారు. పక్కనున్న బియ్యం డబ్బా మీద కూలబడ్డారు.

"ఏమైందిరా?"

"కొంగ!"

అక్క కిటికీలోంచి తొంగి చూసింది. "ఎక్కడ?"

"కొంగ కాదక్కా, లకుముకి పిట్ట."

"ఏదో ఒకటి తేల్చుకుని ఏడవరా."

జరిగింది ఇదీ. పిట్ట అమ్మకానికి వచ్చిన ఆ పొద్దున ఆయన పక్క కౌంటరులో ఒక స్టాంపు కొని, బొమ్మ వైపు చూడకుండానే నాలుకతో తడిపి, అక్కకు రాసిన ఉత్తరం మీద అంటించి, తన చేత్తోనే ముద్ర కొట్టి సంచీలో పడేశారు. కొత్త ఉద్యోగి కనుక ముద్ర భయంభయంగా ఒక మూలన పడింది. పిట్ట ముక్కు నుంచి తోక దాకా నిక్షేపంలా ఉంది.

అక్క ఉత్తరం లాక్కుని మడతలు విప్పింది. కవరు లేదు. ఒకే కాగితం లోపల రాసి, మడిచి, పైన చిరునామా వేసిన ఉత్తరం అది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"'నువ్వు చెప్పిన అమ్మాయిని చూశాను. మనిషి మంచిదే. కాని ఆ నవ్వు వీధి చివరికి వినిపిస్తుంది. జీవితాంతం వినడం నా వల్ల కాదు. వద్దని చెప్పు.' బాగానే రాశావురా, అక్షరదోషాల్లేవు."

"మరి నువ్వు ఆవిడకి ఏమని చెప్పావక్కా?"

"మావాడు నీ నవ్వు గురించే ఉత్తరం రాశాడమ్మా అన్నాను. అబద్ధమా?"

"కాదు."

"ఆ పిల్ల సంతోషంతో నీ వంక చూస్తే నువ్వు నోరు తెరిచి కాదన్నావా?"

"నోరు తెరిచాను. మాట రాలేదు."

"అందుకే అవునన్నావని రాసుకున్నాం. పో, నీ కొంగని తీసుకుపో."

ఇంటికి వచ్చి, భార్య కొలతలు తీసుకోవడానికి పక్క వీధికి వెళ్ళిన సమయం చూసి, ఆయన ఫ్యాను ఆపారు. స్టాంపును కాగితంతో సహా చుట్టూ గోరంత అంచు వదిలి కత్తిరించారు. పట్టకారుతో తిప్పి చూశారు. వెనకవైపు తన చేతిరాత మూడు వరసల్లో కూర్చుని ఉంది: 'ఆ నవ్వు', 'నా వల్ల కాదు', 'వద్దని చెప్పు'. కత్తెర ఒక్క అక్షరాన్నీ గాయపరచలేదు.

ఇక్కడ ఆయన స్వయంగా తవ్వుకున్న గొయ్యి ఒకటుంది. స్టాంపును ముందు నుంచి చూసేవాడు పామరుడు, వెనక నుంచి చూసేవాడు పండితుడు అని ఆయన పాతికేళ్ళుగా భార్యకు పాఠం చెప్పారు. ప్రతి స్టాంపునూ సన్నటి కాగితపు బందుతో, తలుపులా పైకి లేచేలా అంటించేది అందుకే. ఆవిడ బుద్ధిమంతురాలైన శిష్యురాలు. కొత్తది ఏది వచ్చినా ముందు దాని వీపు చూసిగాని మొహం చూడదు.

వెనకవైపు సిరా పూసి కొట్టేస్తే ముందుకు ఊరుతుంది. మిగిలింది జిగురు. పూర్తిగా జిగురు రాసి పేజీకి అతికించేస్తే ఇక ఎవరూ తిప్పలేరు. స్టాంపు పాడైనట్టే గాని గడి నిండుతుంది, ఆవిడ ఇన్నాళ్ళూ నమ్ముకున్న ఉత్తరం ఆవిడకు మిగులుతుంది. ఆయన జిగురు సీసా మూత తీశారు. కుంచె ముంచారు. కుంచె చివర జిగురు చుక్క ఎండి తొక్క కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి మూత బిగించి, పిట్టను బందుతోనే ఏడో గడిలో వేలాడదీశారు.

సాయంత్రం భార్య పళ్ళమధ్య దారం పోగుతో వచ్చి పేజీ మీదికి వంగింది. "ఏవండీ, నిండిందే!"

"నిండింది. ఇక మూసేస్తాను, దుమ్ము..."

ఆవిడ వేలు అప్పటికే పిట్ట రెక్క కింద ఉంది. ఎత్తింది. చదివింది. మళ్ళీ చదివింది. పిట్టను జాగ్రత్తగా యథాస్థానంలో దించి, దారం తెంపి, "చేతిరాత మీదే" అంది. మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనాల వేళ రేడియోలో హాస్యనాటిక వచ్చింది. ఇంట్లో రేడియో ఒక్కటే నవ్వింది. మర్నాడూ అంతే. మూడోనాడు సైకిళ్ళతను మాస్టారిని ఆపి అడిగాడు, "అమ్మగారు ఊళ్ళో లేరా?"

ఆయన ఇంటికి వచ్చి మిషను పక్కన నిలబడ్డారు. "నవ్వొచ్చుగా."

"మీ వల్ల కాదుగా."

"అప్పుడు ఉద్యోగంలో చేరి పదకొండు రోజులు. ఏ సంచీ ఏ ఊరికి పోతుందో కూడా తెలిసేది కాదు నాకు."

ఆవిడ చక్రం ఆపింది. "మీ ఆఫీసులో తప్పు అచ్చు పడితే ఏం చేస్తారు?"

"ఉపసంహరిస్తాం."

"నోటితోనా?"

"కాదు, రాతపూర్వకంగా."

"మరి?" అంది ఆవిడ. చక్రం మళ్ళీ తిరిగింది.

రెండు రోజుల తరవాత మధ్యాహ్నం పోస్టుమాను ఆ ఇంటికి ఒక ఉత్తరం తెచ్చాడు. ఆ రోజు మాస్టారు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. భూతద్దం తుడుస్తున్నారు. ఉత్తరం ఆవిడ పేరు మీద ఉంది. స్టాంపు మీద ముద్ర ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవంతో కొట్టినా, భయంభయంగా ఒక మూలన పడింది. ఆవిడ గుమ్మంలోనే చింపి పైకి చదివింది.

"'విషయం: నవ్వు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఈ కింద సంతకం చేసినవాడు జారీ చేసిన ఉత్తరంలో, వినడం నా వల్ల కాదు అన్న వాక్యం తప్పుగా రాయబడినందున తక్షణం ఉపసంహరించుకోవడమైనది. గత మూడు రోజులుగా వినకపోవడమే నా వల్ల కావడం లేదు. సరఫరా వెంటనే పునరుద్ధరించవలెనని ప్రార్థన.'"

సంతకం, హోదా, తేదీ, అన్నీ ఉన్నాయి. సరఫరా అన్న మాట దగ్గర ఆవిడ మొదటి మెట్టు ఎక్కింది. రెండు, మూడు. ఊపిరి తీసుకుంది. తరవాత అంతా కిందికి దొర్లింది. పోస్టుమాను సంచీ పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏంటి మాస్టారూ, వీధి చివరికి వినపడుతుంది!"

"పడనీ," అన్నారు మాస్టారు. లేచి చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, ఫ్యాను ఆపారు. ఈ ఉత్తరాన్ని ఏ పేజీలో పెట్టాలో చూడాలి. దీనికి గడి లేదు.