ముందు వరస డబ్బాలు

మొన్న ఏలూరులో మా సందు చివరి కిరాణా కొట్టుకి ఇంగువ డబ్బా కోసం వెళితే, బెల్లం, బట్టల సబ్బు, ఎండుమిర్చి, తడిసిన గోనెసంచి కలగలిసిన వాసన ఒకటి నా ముక్కు పట్టుకుని ఈడ్చుకెళ్లి, నలభై ఏళ్ల వెనక ఆకివీడులో మా నాన్న కొట్టు ముందు పడేసింది.

ఆ కొట్టు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. అందులో దొరకనిది ఏనుగొక్కటే, అదీ ముందురోజు చెబితే నాన్న తెప్పించేవాడు. వానాకాలం కొల్లేరు ఉబ్బి ఊరివైపు మెడ చాచేది, చేపల లారీలు రోడ్డు పొడవునా నీచునీళ్లు కార్చుకుంటూ పోయేవి, పిచ్చుకలంత దోమలు సాయంత్రమయ్యేసరికి కుటుంబాలతో సహా మా ఇంటికి విందుకొచ్చేవి. పిల్లలం కొట్టు వెనక ఖాళీ నూనె డబ్బాలన్నీ తాడుతో కట్టి రైలు నడుపుతుంటే, ఆ మోతకి తాడేపల్లిగూడెం స్టేషన్లో అసలు రైళ్లు సిగ్గుపడి ఆగిపోయేవి. వినాయక చవితికి అమ్మ బెల్లం కుడుములు వండిందంటే, భీమవరం చీమలు సైతం మూటాముల్లే సర్దుకుని బయలుదేరేవి.

ఒక ఏడు మా రైలుకి పెట్టెలు మరీ ఎక్కువయ్యాయి. కొట్లో డబ్బాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయనీ, వాటి చోట కొత్తవి రావడం లేదనీ నాకు తెలియలేదు. నాన్న ఉన్న కాస్త సరుకునీ అరల్లో ముందు వరసగా నిలబెట్టి, వెనకంతా పాత పేపరు ఉండలు కుక్కేవాడు. బయటినుంచి చూస్తే కుబేరుడు అద్దెకి దిగినట్టుండేది.

చవితి సరుకు కోసం నాన్న బ్యాంకుని లోను అడిగాడు. కొట్లో సరుకు కళ్లారా చూడాలన్నారు, తోటి వ్యాపారి ఎవరైనా జామీను సంతకం పెట్టాలన్నారు. సంతకానికి పక్క నూనె కొట్టు కరీం బాబాయి ఒప్పుకున్నాడు. ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే తన నూనె డబ్బాలు, బెల్లం బుట్టలు కూడా మా అరల్లో సర్దించాడు.

"ఆయనటు వెళ్లగానే ఇవిటు వచ్చెయ్యాలండీ అన్నయ్యగారూ. నా చవితి బేరమంతా వీటిమీదే."

"సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటాయి కరీమూ."

ఆఫీసరు వచ్చాడు, అరలు చూశాడు, తల పంకించాడు. సరిగ్గా అప్పుడే వీధిలో ఒక మోపెడ్ ఆగింది. ఆ చప్పుడు వింటే మా వీధిలో చంటిపిల్లలు ఏడుపు మానేవాళ్లు, పెద్దవాళ్లు మొదలుపెట్టేవాళ్లు. దిగింది ఫైనాన్సు సూరిబాబుగారు. ఆయన దగ్గర నాన్న తీసుకున్న అప్పు వాయిదాలు చాలా వారాలుగా ఆగిపోయాయి. ఆయన వచ్చినప్పుడల్లా నాన్న ముందు వరస వెనక పేపరు ఉండలు చూపించి "కొట్లో సరుకే లేదండీ" అని చెప్పి పంపేవాడు.

సూరిబాబుగారు ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు. ఆయనెంత మెత్తగా మాట్లాడితే ఎదుటివాడికి అంత చెమట పట్టేది.

"ఏవండీ, కొట్టు కళకళలాడుతోందండీ!"

నాన్న ఆఫీసరు వైపు చూశాడు. సరుకు నాది కాదంటే ఆఫీసరు వింటాడు, ఈయనకి బాకీ ఉన్నానన్నా ఆఫీసరే వింటాడు.

"బుజ్జమ్మా, కాసిని మంచినీళ్లివ్వు తల్లీ," అన్నాడు సూరిబాబుగారు నాతో. కొల్లేరు మొత్తం తాగుతున్నట్టు తీరిగ్గా తాగి, గ్లాసు బోర్లించి, రిక్షాని పిలిచాడు. "ఈ నూనే, బెల్లమూ నేను పట్టుకెళతానండీ. లెక్క తర్వాత చూసుకుందాం."

డబ్బాలు రిక్షా ఎక్కుతుంటే ఆఫీసరు ముచ్చటపడ్డాడు. "బేరం జోరుగానే ఉందే!"

"అంతా మీ దయండీ," అన్నాడు నాన్న. అలాంటి నవ్వు నేను మళ్లీ ఏ మనిషి మొహంలోనూ చూడలేదు.

సాయంత్రం కరీం బాబాయి తోపుడుబండితో వచ్చాడు. నాన్న చెప్పిందంతా విన్నాడు. ఖాళీ అరలోంచి కిందపడ్డ పేపరు ఉండని కాలితో మెల్లగా కదిపాడు.

"ఇప్పుడు నేను దేన్ని చూసి సంతకం పెట్టాలో మీరే చెప్పండి అన్నయ్యగారూ."

ఖాళీ బండి లొడలొడమంటూ వెనక్కి పోయింది. సంతకం లేదు, లోనూ లేదు. దసరాకి ముందే చెక్కతలుపులు మూసేసి, నాన్న తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తాగా చేరాడు. కరీం బాబాయి ఆ తర్వాత మా ఇంటికి ఉండ్రాళ్లకి రాలేదు.

ఇప్పుడా చెక్కతలుపులూ లేవు, తాటాకు బుట్టల బెల్లమూ లేదు, డబ్బాల రైలూ లేదు. నా ఫోను మాత్రం క్షణాల్లో లోను ఇస్తానని గంటకోసారి మూలుగుతుంది. కానీ కిరాణా కొట్టుకి వెళితే ముందు ప్యాకెట్టుని వేలితో లోపలికి నొక్కి చూసే అలవాటు నాకింకా పోలేదు. మొన్నా నొక్కాను. వేలికి పేపరు ఉండ మెత్తగా తగిలింది.

"కదపకండి మేడమ్," అంది కొట్టమ్మాయి గుసగుసగా. "రేపు బ్యాంకువాళ్లు చూడ్డానికొస్తారు."

బయట బైకు ఆగింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"ఏవండీ," అన్నాడు బైకు దిగిన ఫైనాన్సు కుర్రాడు, వెన్నంత మెత్తగా. "నిన్న సరుకు లేదన్నారు. ఇవాళ కొట్టు కళకళలాడుతోందండీ!"

వెనక సరుకు లేదని అతనికి కనిపించాలని, నేను పొరపాటున తగిలినట్టు నా హ్యాండ్‌బ్యాగు విసురుగా తిప్పాను. ముందు వరసంతా భళ్లున కూలింది. వెనకనుంచి పేపరు ఉండలు ఒక్కొక్కటే దొర్లుకుంటూ వచ్చి అతని బూట్ల దగ్గర ఆగాయి.

కుర్రాడు వాటిని చూశాడు. చిరునవ్వు మాత్రం అలాగే ఉంది. "కాసిని మంచినీళ్లిప్పించండి," అంటూ స్టూలు లాక్కున్నాడు.