ఎర్రావు కోసం కుట్టిన దూడ

పోయిన శుక్రవారం రస్ అల్ ఖైమా నుంచి తిరిగి వస్తూ, దారిలో ఒక్క నిమిషం కారు ఆపమని మా ఆయన్ని బతిమాలాను. ఒళ్ళో మూడు నెలల పాప, బయట నిప్పులు చెరిగే ఎండ, పాపకి ఎక్కడ వడగొడుతుందోనని నా భయం నాకున్నా దిగకుండా ఉండలేకపోయాను. తొమ్మిదో ఏట నుంచి నేను పెరిగిన పాడి క్షేత్రం అది, ఇక్కడి వాళ్ళు మజ్రా అంటారు. రేకుల పాక విప్పేస్తున్నారు. రేకులు ఒకదాని మీద ఒకటి లారీలోకి విసురుతుంటే ఆ చప్పుడుకి పాప ఉలిక్కిపడి ఏడ్చింది. తొడుక్కున్న జాకెట్టు తడిసేలా నాకు పాలు చేపుకొచ్చాయి. ఆ రోజు నుంచీ ఆ పాకలు, ఆ ఎర్రావు నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. పాప పడుకున్న ఈ కాస్త వ్యవధిలో, ఊపిరి తీస్తోందో లేదోనని మధ్యమధ్య లేచి చూసుకుంటూ, ఇది రాస్తున్నాను.

నాన్నల వీసా వెనకాలే చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చిపడ్డ నా ఈడు వాళ్ళకి అప్పటి దారులు గుర్తుండే ఉంటాయి, ఊరికీ ఊరికీ మధ్య ఇసుక తప్ప మరేమీ ఉండేది కాదు. నాన్న మండపేట దగ్గర పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మా కఫీల్, అంటే ఆ మజ్రా యజమాని, ఆయన్ని దుక్తూర్ అని పిలిచేవాడు. కాదు బాబూ, కాంపౌండర్నని నాన్న కొన్నాళ్ళు చెప్పి చూసి, ఇక ఓపిక లేక డాక్టరైపోయాడు.

మజ్రాలో పాకలు మూడు. మొదటిది కఫీల్ తండ్రి వేసినది, ఖర్జూరపు మట్టలతో, లోపలికి వెళితే చారలు చారలుగా వెలుగు పడేది, ఎంత ఎండలోనైనా గాలి ఆడేది. దాని పక్కనే ఆయన తన చివరి రోజుల్లో కట్టించిన మట్టి ఇటుకల కొట్టం, గోడలు మూరెడు మందం. మూడోది కఫీల్ తన హయాంలో వేయించిన రేకుల పాక. సముద్రం మీద నుంచి తెప్పించిన నలుపు తెలుపు మచ్చల ఆవుల కోసం వేశాడు దాన్ని, వచ్చిన ప్రతి బంధువుకీ చూపించుకునేవాడు. ఆ ఆవులు దూడ ఉన్నా లేకపోయినా పాలిచ్చేవి. మట్టల పాకలో మిగిలింది ఒక్క నాటు ఆవు, ఎర్రది, పొట్టిది, చిన్న మూపురంతో అచ్చం మన వైపు ఆవులాగే ఉండేది. కఫీల్ తల్లి, డెబ్బై దాటిన ముసలావిడ, ఆ ఆవు పాలు తప్ప ముట్టేది కాదు.

ఒక వేసవిలో కఫీల్ ఎర్రావుని కూడా రేకుల పాకలోకి మార్చమన్నాడు. నిండు చూలు, ఆ వేడికి తట్టుకోలేదని నాన్నకి తెలుసు, అయినా గట్టిగా చెప్పలేకపోయాడు. చెప్పలేకపోయానని తర్వాత ఎన్నేళ్ళయినా అనుకునేవాడు. ఆవు ఈనింది, రెండో రోజు మధ్యాహ్నానికి దూడ చచ్చిపోయింది. ఎర్రావుకి మూడు పూటలు అరిచి అరిచి గొంతు పోయింది. పొదుగు రాయిలా గట్టిపడినా చుక్క చేపలేదు.

కఫీల్ వచ్చి చూశాడు. మా అమ్మకి ఈ పాలు లేకపోతే ముద్ద దిగదు, ఆవు ఎండిపోయిందా నువ్వూ నీ వాళ్ళూ పెట్టె సర్దుకోండి, ఖలాస్, అని వెళ్ళిపోయాడు. మా ముగ్గురి పాస్‌పోర్టులూ ఆయన బీరువాలోనే ఉండేవి. అమ్మ ఆ సాయంత్రం అన్నం వండింది కానీ ఎవరం తినలేదు.

మన ఊళ్ళల్లో దూడ పోతే ఏం చేస్తారో మీకు తెలుసు, తోలు ఒలిచి గడ్డి కూరి ఆవు ముందు నిలబెడతారు. నాన్న అదే చేశాడు. ఊళ్ళో అయితే ఆ ఒలిచే పని ఇంకొకరికి అప్పజెప్పి దూరంగా నిలబడేవాణ్ణనీ, ఇక్కడ తన చేత్తో చేశాకే ఆ చేతుల విలువ తెలిసిందనీ తర్వాత అమ్మతో అన్నాడు. వరిగడ్డి ఎక్కడిది, ఖర్జూరపు పీచు కూరి, అమ్మ దుప్పట్లు కుట్టే సూదితో పొట్ట కుట్టాడు. పాలు పితికే పఠాన్ ఖాన్ చాచా ఆ కుట్టడం చూసి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

“అరే భాయ్, మరా హువా జాన్వర్! జబా కియే బగైర్ చమడా? బుడియా దేఖేగీ తో తుమ్హారా ఖలాస్!”

ముసలావిడ చూసిందంటే నీ పని సరి అని. హలాల్ చేయకుండా చచ్చిన జంతువు తోలు వాళ్ళకి మైల. దాని పక్కన పితికిన పాలు ఆ ముసలావిడకి తాగించడమంటే ఎంత తప్పో నాన్నకి అప్పటిదాకా తట్టనే లేదు. ఆ తోలు దూడని ఎక్కడ పాతిపెట్టాలా అని ఇద్దరూ చూస్తుండగానే, కర్ర పొడుచుకుంటూ ముసలావిడే పాకలోకి వచ్చేసింది. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గీరుకుని నాకు నెత్తురొచ్చింది.

ఆవిడ వంగి చూసింది. కర్రతో ఒకసారి పొడిచి చూసింది. కాళ్ళు నిటారుగా చాపుకుని నిలబడ్డ ఆ దూడని చూపిస్తూ, నాన్న వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

“దుక్తూర్, కుర్సీ?”

ఖాన్ చాచాకి నవ్వు ఆగలేదు. ఆ మాటకి తర్జుమా మాకూ అక్కర్లేదు. దూడని చెయ్యమంటే కుర్చీ చేశావా అని. ఆవిడ కింద కూలబడి, పొట్ట కుట్లు ఊడదీసి, కూరిన పీచంతా లాగి మళ్ళీ మెత్తగా సర్ది కుట్టి, దూడ మోకాళ్ళు మడిచి, వీపు మీద ఉప్పు రాసింది. తన చిన్నప్పుడు ఎడారిలో పిల్ల చచ్చిన ఒంటెలకి తండ్రి ఇలాగే చేసేవాడట, పాలు లేకపోతే ఇంటిల్లిపాదీ పస్తేనట. ప్రాణం నిలవడానికి చేసిన పనిని దేవుడు తప్పు పట్టడని, ఇదంతా ఖాన్ చాచా హిందీలో చెబుతుంటే నాన్న కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తాగే ముందు గిన్నె ఏడుసార్లు కడగమని మాత్రం ఆవిడ గట్టిగా చెప్పింది.

ఎర్రావు వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ ఉప్పు వీపుని నాకడం మొదలుపెట్టింది, నాకుతూ నాకుతూ చేపింది.

పాపం మోసపోయిందని అమ్మ నిట్టూర్చింది. చాచా ఆ మాట అరబ్బీలో చెబితే, ముసలావిడ ఆవు గంగడోలు నిమురుతూ తల అడ్డంగా ఊపింది. ఆవిడ అన్నది చాచా మాకు చెప్పాడు: “ఇస్కో సబ్ మాలూమ్ హై. ఫిర్ భీ దేతీ హై.” దానికి అన్నీ తెలుసట, తెలిసే ఇస్తుందట. కఫీల్ మమ్మల్ని పంపలేదు. మూడేళ్ళ క్రితం నాన్నే విసిగి అమ్మతో ఊరికి వెళ్ళిపోయేదాకా అక్కడే ఉన్నాం.

ఇప్పుడు ఎడారి లోపల ఎక్కడో కొత్తగా పెద్ద పాడి క్షేత్రం వచ్చిందని, పంకాల కింద వందల ఆవులని, యంత్రాలే పితుకుతాయని ఆ రేకులు మోస్తున్న మనిషి చెప్పాడు. దూడల్ని పుట్టిన రోజే వేరే పాకలోకి మార్చేస్తారట, ఆవులు వెతకను కూడా వెతకవట. నిజమేనేమో. మేం ఉండే సత్వాలో, మా గది కింద కొట్లో చల్లటి పాల పాకెట్లు వరసగా ఉంటాయి, ఏ ఆవువో, ఏ పాకవో ఎవరూ అడగరు.

నా సెలవు అయిపోయింది. డేరా పేటలోని ఆఫీసులో నా టైపు మిషను నా కోసం ఎదురుచూస్తోంది. ముగ్గురం ఉండే ఈ ఒక్క గదిలో పగలు పాపని చూసేవాళ్ళు లేరు. వచ్చే గురువారం బొంబాయి విమానంలో పక్క ఫ్లాటు అక్క మా ఊరు వెళుతూ పాపని మా అమ్మ దగ్గర దింపుతుంది. “అందరూ పంపుతున్నారు కదే, నువ్వొక్కదానివేనా?” అంటారు మా ఆయన, అని అటు తిరిగి పడుకుంటారు, ఆయనకీ నిద్ర రాదు.

పెట్టె సర్దడం అయిపోయింది. గౌన్లన్నీ ఉతికి, మడతపెట్టి, పైన సీసాలు పెట్టాను. ఒక్క గౌను మాత్రం ఉతకలేదు, పెట్టెలోనూ పెట్టలేదు. అది నా దిండు గలేబులో ఉంది.