తలపాగా పట్టే ముసుగు

ఈ ఉదయం రంగూన్ నుంచి ఏరు దాటించే దలా పడవలో నా ముందు నిలబడ్డవాడి వీపు నుంచి తడిసిన ఉన్ని వాసన వచ్చింది. చారల నేత చొక్కా, పొట్టమీద ఒకే పెద్ద జేబు, మెడ వెనక వేలాడే ముసుగు. అలాంటివి తొడుక్కున్నవాళ్లు ఆ పడవలో పదిమందికి తక్కువ లేరు. సూరమ్మను మాత్రం వాళ్లలో ఒక్కరూ ఎరగరు.

మాది శ్రీకాకుళం వైపు ఒకప్పుడు పేరున్న ఇల్లు. అన్నీ పోయాక నేను రంగూన్ వచ్చి, సేక్కాన్ రేవు దగ్గర ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేరాను. నాకు మిగిలింది తాతగారి తలపాగా. అది లేకుండా గడప దాటేవాణ్ణి కాను. సూరమ్మ మా కొట్టుకు బట్ట నేసిచ్చే ముసలామె. ఆమె మగ్గం ఏటి అవతల దలాలో ఉండేది. మిల్లు బట్ట వచ్చాక మా షావుకారు ఆమె నేత వద్దన్నాడు. ఆ ఏటి వానలు వెళ్లేలోగా పని దొరక్కపోతే మగ్గం గుంట పూడ్చేస్తానని ఆమె నాతో అంది.

ఆ వానల్లోనే మెక్సికో నావికుడొకడు ముసుగున్న ఉన్ని చొక్కా ఒకటి చిరిగితే మా కొట్టుకు పట్టుకొచ్చాడు. క్రేను కొక్కెం తగిలి దాని భుజం చీలింది. దర్జీలెవరూ ముట్టలేదు. నేను దాన్ని సూరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ముసుగులో చెయ్యిపెట్టి చూసి నవ్వింది.

“ఏటి బావూ, మన కలాసీలు వానకి గోనెసంచి మడిసి నెత్తినేసుకుంతారు కదా, అదే ఇది! సేతులెట్టినారు, అంతే.”

పోగు పోగు కలిపి చిరుగు కనపడకుండా చేసింది. కలుపుతూనే ఆ నేతంతా వేళ్లకు ఎక్కించుకుంది. పాత ఓడ కంబళ్లు విప్పిన ఉన్నితో అలాంటిదే ఒకటి నేసి, రేవులో పదిమందికీ కనపడేలా తొడుక్కెళ్లమని నాకిచ్చింది. ముసుగు నా తలపాగా మీదికి ఎక్కలేదు.

“పాగా తీసీ బావూ, ఒక్క పూటకి.”

“తియ్యను.”

“మీ తాత సూడొత్తాడేటి?”

“నేను చూస్తున్నాను కదా.”

ఆమె ముసుగు కుట్లు విప్పేసి, నా పాగా చుట్టూ దారంతో కొలిచింది. రెండు రోజుల తర్వాత వెడల్పుగా నేసిన కొత్త ముసుగును నా తలమీదికి తనే లాగింది. “నీ పాగాకి సోటిచ్చినాను. నడుం నిక్కబెట్టుకునే ఎల్లు.”

రేవులో అప్పన్న మేస్త్రీ నన్ను చూసి అరిచాడు: “దొరగోరు గోనె కట్టినార్రా!” కలాసీలంతా పగలబడి నవ్వారు. ముఖం మండిపోయినా చివరి జెట్టీ దాకా నడిచాను. అంతలో వాన దంచింది. వాళ్ల గోనెలు నీళ్లు తాగి జారిపోతున్నాయి. ఒక చేత్తో గోనె, ఒక చేత్తో మూట పట్టుకోవాల్సి వస్తోంది. నా రెండు చేతులూ ఖాళీ, ఒళ్లు వెచ్చగా ఉంది. మేస్త్రీ దగ్గరికొచ్చి ముసుగు తడిమాడు.

“పాగా మీద పడతాదేటి? అయితే మా తలగుడ్డల మీదా పడతాది!” అంటూ నా ఒంటిమీద నుంచి లాగి తనే తొడుక్కున్నాడు. “ఇది నాది. నువ్వు ఇంకోటి నేయించుకో దొరా!”

మేస్త్రీని చూసి కలాసీలంతా తమకూ కావాలన్నారు. వానలు వెళ్లేసరికి సూరమ్మ గుంట పూడ్చలేదు సరికదా, పక్కన రెండో గుంట తవ్వించింది.

ఇప్పుడు ఆ రెండు మగ్గాల నేతా, గుమాస్తా పని మాని నేను పెట్టుకున్న సొంత కొట్టుకే వస్తుంది. కొలతకు వచ్చినవాళ్లు మొహమాటంగా తలగుడ్డ విప్పబోతారు. నేను వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపి, గుడ్డ చుట్టూ దారం తిప్పుతాను.