పక్కింటి తాడు మీద మా బొంత

నా చిన్నప్పుడు అంటున్నానే గాని, పదమూడేళ్లు నిండాక కూడా నేను పక్క తడిపేవాణ్ని. శ్రీకాకుళం వైపు ఉన్న జమీ చేజారిపోయి, మా నాన్నగారు కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో గుమాస్తాగా దిగిన రోజులవి. ఇల్లు చిన్నదైనా పరువు చిన్నబోకూడదని ఆయన పట్టుదల. అందుకని తడిసిన బొంతను ఎండలో వేయనిచ్చేవారు కాదు. అది మంచం కిందే ఆరాలి. ఆరేది కాదు. ఆ వాసన నా ఒంటికి పట్టేది. సాయంత్రం నాలుగు దాటితే నాకు మంచినీళ్లు కూడా బంద్.

పక్కింటి అత్త రైల్వే ఆసుపత్రిలో నర్సు. విశాఖపట్నం వైపు క్రైస్తవులు. ఒరుసుకుపోయిన నా తొడలకు ఒకరోజు మందు రాస్తూ సంగతంతా గ్రహించింది.

"ఇందులో నీ తప్పేటుంది బాబూ? మొద్దు నిద్ర, అంతే. మా తమ్ముడికి పదిహేనేళ్ల దాకా ఉండీది. పగలు బాగా నీళ్లు తాగు. పడుకోబోయే ముందు మరోసారి వెళ్లి రా. ఎవరైనా తిడితే నా దగ్గరికి పంపు," అంది.

మర్నాటి నుంచి, నాన్నగారు ఆఫీసుకు వెళ్లగానే, అత్త మా అమ్మ దగ్గర్నుంచి ఆ బొంత తీసుకెళ్లి ఉతికి తన తాడు మీద ఆరేసేది.

చిక్కు అక్కడే వచ్చింది. అది మా నాయనమ్మ పట్టుచీరలతో కుట్టిన బొంత. జరీ అంచు ఎండకు మెరిసేది. ఆ చీరల గొప్ప క్వార్టర్లలోని కుర్రాళ్లందరికీ అంతకు ముందే నేనే చెప్పుకున్నాను.

ఒక పొద్దున బెంగాలీ కుర్రాళ్లు తాడు దగ్గర ఆగారు. "కీ రే రాజాబాబు, మీ బొంత ఇక్కడుందేం? తడిపావా?"

వెన్ను నిటారుగా పెట్టి చెప్పాను. "మేం వీళ్లకు దానమిచ్చాం. తడిపేది వీళ్లబ్బాయి."

అత్త కొడుకుది నా తరగతే. గుమ్మంలోనే ఉన్నాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడ బకెట్టు కింద పెట్టి, "అవును, మాదే. వెళ్లి ఆడుకోండి," అంది. నా వైపు కోపంగా చూసినా బాగుండేది.

ఆ రోజు నుంచి వాడి పేరు 'తడిబొంత'. బడిలో, మైదానంలో, లోకల్ రైల్లో. ఒక్కసారి కూడా వాడు నన్ను పట్టివ్వలేదు. అత్త మర్నాడూ వచ్చి మా బొంత తీసుకెళ్లింది.

పద్నాలుగు దాటాక నాకది దానంతటదే తగ్గిపోయింది. వాడి పేరు పోలేదు. మరో మూడేళ్లు వాడి పక్క బల్ల మీదే కూర్చున్నాను. నిజం చెప్పడానికి రోజూ వీలుండేది. రోజూ ఊరుకున్నాను.

ఇప్పటికీ మా వంశం గురించి ఎవరైనా గౌరవంగా మాట్లాడితే వింటూ కూర్చుంటాను. ఎక్కడో ఒకడు నా బదులు తలవంచుకుని నడుస్తున్నట్టే ఉంటుంది.