కట్టెకు మొక్కి ఆడిన ఆట

నారాయణపేటలో మా బాపు పగలంతా మగ్గం నేసేవాడు. పొద్దున్నే మా ఇంటి ఎదుటి తాలింఖానాలో పిల్లలకు కర్రసాము నేర్పేవాడు. పిల్లలంటే మగపిల్లలే. నేనూ నేర్చుకుంటానని ఎన్నిసార్లు వెంటపడినా ఒకటే మాట: "ఆడివిల్లకు కట్టెతోని ఏం పని? పోయి కండెలు సుట్టు." మగ్గానికి కావలసిన దారం కండెలు చుట్టేదాన్ని. కోపంగా చుడితే దారం తెగుతుందని అప్పుడే తెలిసింది.

తొంభైల చివర్లో, మేం ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని కొడుకు దుబాయి నుంచి టీవీకి తగిలించే వీడియో గేము తెచ్చాడు. కత్తులు, గొడ్డళ్లు, బల్లేలు పట్టుకుని ఇద్దరు తలపడే ఆట. అంతకు ముందు పాలమూరులో ఆ ఆట ఉన్న దుకాణానికి అన్న వెంట వెళ్లాను. లోపలంతా మగపిల్లలే, నన్ను గడప దాటనివ్వలేదు. ఇప్పుడదే ఆట ఖాలా ఇంట్లో, చాప మీద కూర్చుంటే చాలు. ఖాలా బియ్యం ఏరుకుంటూ, "ఆడు బిడ్డా, నీకెవరడ్డం?" అనేది. ఆ మాటకే సగం కడుపు నిండేది. నేనెప్పుడూ కర్ర పట్టిన బొమ్మనే ఎంచుకునేదాన్ని.

ఒక సాయంత్రం నన్ను పిలవడానికి వచ్చిన బాపు టీవీ ముందు ఆగిపోయాడు.

"గట్లనా కట్టె పట్టేది? నడుము వంగాలె, నడుము!"

ఖాలా నవ్వింది. "జర నువ్వే ఆడి సూపియ్యి భాయ్."

కర్రసాములో కర్ర ఎత్తేముందు దాన్ని నేలకు తాకించి కళ్లకు అద్దుకోవాలి. ఎదుటివాడు అంతసేపూ ఆగాలి. బాపు నా చేతిలోని ఆట రిమోట్ తీసుకుని, దాన్నే నేలకు తాకించి భక్తిగా కళ్లకు అద్దుకున్నాడు. టీవీలో గొడ్డలివాడికి ఆ మర్యాదేం తెలుసు? దండం ముగిసేలోపలే మా బాపు బొమ్మ వెల్లకిలా పడింది. మళ్లీ దండం, మళ్లీ దెబ్బ.

"తర్వాత మొక్కు బాపూ," అన్నాను.

"కట్టెకు మొక్కకుంట ఎత్తుతరా?" అని నా మీదికే లేచాడు. "ఇజ్జత్ లేని ఆట!"

ఖాలా రెండో రిమోట్ నా చేతిలో పెట్టింది. "నువ్వాడు మీ బాపుతోని."

ఆట మొదలైంది. బాపు మళ్లీ వంగాడు. ఒక్క మీట నొక్కితే నాదే దెబ్బ. ఇన్నేళ్ల కోపం వేలిచివరికి వచ్చింది. కానీ నొక్కలేదు. నేనూ రిమోట్ కళ్లకు అద్దుకుని, బాపు తలెత్తేదాకా ఆగాను. తెర మీద బొమ్మలు రెండూ ఊరికే నిలబడి ఊగుతున్నాయి. తలెత్తాక మాత్రం కొట్టాను. జాలి చూపకుండా కొట్టి గెలిచాను.

బాపు తెర వైపు చూడలేదు, నన్నే చూశాడు.

"తాలింల పోరగాండ్లకు దినాం చెప్త, మొక్కేటోన్ని కొట్టొద్దని. ఒక్కడాగడు. నీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వే. దర్వాజ కాడ నిలవడి ఇన్న."

నాకు భయమేసింది, అనవసరంగా నోరు జారానేమోనని. బాపు లేచి, గడప దగ్గర చెప్పులేసుకుంటూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"పొద్దుగాల తాలింకు రా. గీ లంగతోని రాకు, కాళ్లకడ్డం వడ్తది. మీ అన్న ప్యాంటు ఏస్కో."